కడప శాసనాల మీద ఎక్స్‌లో రాస్తున్నాను, జనం మాట్లాడాలంటే ఎట్లా?

రేనాటిరాయి (కడప)

అందరికీ నమస్కారం. మాది కడప, కాలేజీలో చరిత్ర చెప్తాను. ఎక్స్‌లో, అదే పాత ట్విట్టర్‌లో, సీమ శాసనాలు, వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు), పాత గుళ్ల గురించి తెలుగులో రాస్తున్నాను. ఫాలో అయ్యేవాళ్లు నాలుగైదు వందల మంది ఉంటారు. పదో పన్నెండో లైకులు వస్తాయి, అంతటితో సరి. ఒక్కరూ నోరు విప్పరు. నాకు లైకుల కంటే ముఖ్యమైంది ఒకటుంది. "మేడం, మా ఊర్లో కూడా ఇట్లాంటి రాయి ఉంది" అని ఎవరన్నా రాయాలి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు, గుడికి కొత్తగా సున్నం కొట్టినప్పుడు ఎన్ని రాళ్లు పోతున్నాయో నాకు తెలుసు. అవి పోకముందే వాటి ఫోటో అన్నా మిగలాలి.

మొన్న పెట్టిన పోస్టు ఇది:

"కలమళ్ల శాసనం: క్రీ.శ. 575 ప్రాంతం. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించినది. ఇప్పటివరకు లభించిన తెలుగు శాసనాల్లో తొలిదిగా పండితుల అభిప్రాయం. స్థలం: కలమళ్ల, ఎర్రగుంట్ల మండలం. #చరిత్ర #తెలుగు #శాసనాలు #కడప #రాయలసీమ #వారసత్వం"

ఇందులో ఏం మార్చాలి? మొహమాటం లేకుండా చెప్పండి.

బురుజు నీడ (కర్నూలు)

మేడం, నేను విలేకరిని, రోజంతా ఎక్స్ తెరిచే ఉంటుంది. పోస్టు సంగతి తర్వాత. ముందు మీరు ఎవరితో మాట్లాడుతున్నారో తేల్చుకోండి. కలమళ్ల రైతు ఎక్స్‌లో లేడు. ఆయన వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో ఉన్నాడు. మన సీమ వాళ్లలో ఎక్స్ చూసేది ఎవరంటే బెంగళూరులో, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే పిల్లలు, మా విలేకర్లు, అధికారులు, పార్టీల సోషల్ మీడియా వాళ్లు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు. వీళ్లందరికీ ఒకే పోస్టు పనికిరాదు.

మీకు కావాల్సింది ఊర్లో ఉన్న రాయి ఫోటో. అది తెచ్చిపెట్టగలిగింది బెంగళూరు పిల్లోడే. పండగకు, పీర్ల పండక్కి, ఊరి జాతరకు వాడు ఊరికి పోతాడు. చేతిలో మంచి ఫోన్ ఉంటుంది, ఊరంటే బెంగ కూడా ఉంటుంది. మీరు రాసే ప్రతి పోస్టూ వాడికి రాసినట్టు ఉండాలి.

సీమ పిల్లోడు (ప్రొద్దుటూరు, ప్రస్తుతం బెంగళూరు)

అన్న చెప్పిన పిల్లోణ్ణి నేనే. అక్కా, మీ కలమళ్ల పోస్టు నాకు కనపడింది, దాటిపోయినాను. ఎందుకో చెప్తా. బస్సులో నిలబడి బొటనవేలితో జరుపుకుంటా పోతుంటాం. ఆగాలా వద్దా అనేది మొదటి లైనులోనే తేలిపోతుంది. "కలమళ్ల శాసనం: క్రీ.శ. 575 ప్రాంతం" అని కనపడగానే గ్రూప్ టూ మెటీరియల్ అనుకుంటాం. అది మన థర్మల్ పక్కన ఊరు అని తెలిసుంటే ఆగేవాణ్ణి. ఆ పొగగొట్టాలు చూస్తూ పెరిగినోళ్లం కదా.

నేనైతే ఇట్లా రాస్తా:

"ఎర్రగుంట్ల దగ్గర థర్మల్ పొగగొట్టాలు అందరం చూసినవే. ఆ పక్క ఊరే కలమళ్ల. అక్కడి గుడిలో ఒక రాయి ఉంది. దాని మీద 1,400 ఏళ్ల కిందటి తెలుగు ఉంది. ఇప్పటిదాకా దొరికిన తెలుగు శాసనాల్లో ఇదే పాతదంటారు. మీలో ఎవరైనా చూశారా?"

రాజు పేరు, రేనాటి చోళులు, ఇవన్నీ రెండో పోస్టులోకి పోవచ్చు. ఆగినోడు చదువుతాడు. చివర్లో అడిగినారు కాబట్టి జవాబు చెప్పబుద్ధి అవుతుంది. మీ పోస్టులో మాకు మాట్లాడే సందు లేదక్కా.

రేనాటిరాయి (కడప)

తమ్ముడూ, ఇది చదువుతుంటే నాకే కలమళ్ల పోవాలనిపిస్తోంది. "అంటారు" అన్నచోట "పండితులు అంటారు" అని మాత్రం నేను పట్టుబడతాను. తేదీ విషయంలో అందరిదీ ఒకే మాట కాదు, రాయి మీద కొన్ని చోట్ల అక్షరాలు అరిగిపోయాయి. ఇంకో సందేహం. తెలుగులో రాస్తే చోటు సరిపోవడం లేదు. ఇంగ్లీషులో రెండు విషయాలు పట్టే చోట తెలుగులో ఒకటే పడుతోంది. ఇది నా భ్రమా, నిజమా?

కీబోర్డు (అనంతపురం)

నిజమే మేడం. 2006లో మొదలైనప్పుడు 140 అక్షరాలు, 2017 నవంబరులో 280 చేశారు. అయితే అక్కడ అక్షరం అంటే బళ్లో నేర్చుకున్న అక్షరం కాదు, యూనికోడ్ సంకేతం. గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, వత్తు కోసం మళ్లీ ఒక హల్లు, అన్నీ విడివిడిగా లెక్కేస్తారు. "కడప" మూడే. "స్త్రీ" మనకు ఒకే అక్షరం, లెక్కలో ఆరు. "ఎర్రగుంట్ల" నాలుగు అక్షరాలు, లెక్కలో పది. వత్తులు ఎక్కువున్న సంస్కృత పదాలు రాసేకొద్దీ చోటు తరుగుతుంది. "లభించిన" బదులు "దొరికిన" అంటే లెక్కలో తేడా రాదు, రెండూ ఏడే. "అభిప్రాయం" బదులు "అంటారు" అంటే మూడు కలిసొస్తాయి. చిన్న తేడాలే గానీ పోస్టు మొత్తం మీద కలిసొస్తాయి, చదవడానికీ హాయిగా ఉంటుంది. సీమ పిల్లోడు రాసింది లెక్కేశాను, ఖాళీలతో సహా 208. "పండితులు" చేర్చినా ఇంకా అరవైకి పైనే మిగులుతాయి.

లింకు ఎంత పొడవున్నా 23గానే లెక్క. ఫోటోలకు లెక్క లేదు. డబ్బు కట్టిన ఖాతాలకు పొడుగు పోస్టు పెట్టుకునే వీలుంది, పెట్టాక కాసేపటిదాకా దిద్దుకోవచ్చు కూడా. కానీ పొడుగు పోస్టులో మొదటి ముక్కే కనపడుతుంది, మిగతాది నొక్కి తెరవాలి. మీ విషయానికి థ్రెడ్ మేలు, అంటే ఒకదాని కింద ఒకటి వరసగా. ఒక నియమం పెట్టుకోండి. థ్రెడ్‌లో ఏ పోస్టును విడిగా తీసి చూసినా అర్థం కావాలి. జనం మొదటిదే రీపోస్ట్ చేస్తారని ఏమీ లేదు, నచ్చిన మూడోదాన్ని చేస్తారు. అది "అందువల్ల ఆయన" అని మొదలైతే చదివేవాడికి ఆయన ఎవరో తెలియదు.

రచ్చబండ (గుత్తి)

థ్రెడ్‌కు మా దగ్గర మంచి సరుకుంది మేడం. ఎర్రగుడి అశోకుడి శాసనాలు. అక్కడి ఒక శాసనంలో ఒక పంక్తి ఎడమ నుంచి కుడికి, ఇంకో పంక్తి కుడి నుంచి ఎడమకు చెక్కారు. ఈ ఒక్క ముక్క మొదటి పోస్టులో పెట్టి, ఆ పంక్తుల ఫోటో మీద బాణం గుర్తులు వేయండి. ఎవరూ దాటిపోరు.

సమయం కూడా చూసుకోండి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల వేట మొదలవుతుంది. టీవీలన్నీ అక్కడే ఉంటాయి, ఎక్స్‌లో ఆ ఊళ్ల పేర్లు మోగుతుంటాయి. ఎర్రగుడి ఉండేది ఆ తుగ్గలి మండలంలోనే. వజ్రాల కోసం వచ్చేవాళ్లకు ఆ బండలు చూపించే రోజులు అవే. అట్లాగే ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం నాడు తొలి తెలుగు శాసనం ఏదని అందరూ వెతుకుతారు. ఆ రోజుకు కలమళ్ల థ్రెడ్ ముందే రాసి షెడ్యూల్ చేసి పెట్టుకోండి, కంప్యూటర్‌లో ఆ సౌకర్యం ఉంది.

చెవితో చదివేవాడు (కర్నూలు)

మేడం, నాకు చూపు లేదు. బ్యాంకులో పనిచేస్తాను. ఫోన్‌లో తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని ఎక్స్ వింటాను. చరిత్ర నాకు ప్రాణం, మీ ఖాతా కూడా విన్నాను. నా వైపు నుంచి అది ఎట్లా ఉంటుందో చెప్తాను.

మీ పోస్టు చివర ఆరు హ్యాష్‌ట్యాగులు ఉన్నాయి. నా ఫోన్ ఆరింటినీ గుర్తుతో సహా చదువుతుంది. ఒకటి చాలు. కొందరు లైను లైనుకూ దండం, నిప్పు, గుండె బొమ్మలు పెడతారు. ఒక్కో బొమ్మ పేరూ చదువుతూ పోతుంటే అసలు మాట ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. మీ దగ్గర ఆ బాధ లేదు, సంతోషం.

అసలు సంగతి ఫోటోలు. శాసనం ఫోటో పెట్టి "ఈ అక్షరాల అందం చూడండి" అని రాశారు ఒకసారి. నాకు "ఇమేజ్" అని మాత్రం వినిపించింది. ఫోటో ఎక్కించేటప్పుడు వివరణ రాయడానికి ఒక పెట్టె ఉంటుంది, ఆల్ట్ అని. అందులో వెయ్యి అక్షరాల దాకా రాయొచ్చు, 280లో అది కలవదు. రాయి ఎంత ఎత్తుంది, ఏ రంగు, ఎక్కడ పగిలింది, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయా, గీతల్లా ఉన్నాయా, ఎన్ని పంక్తులు, వాటిలో ఏముంది. చరిత్ర చెప్పేవాళ్లు కాబట్టి మీకంటే బాగా ఇది ఎవరు రాయగలరు? నాకోసమే అనుకోవద్దు. ఫోటోలో ఉన్న పాత లిపి చూపున్నవాళ్లలో ఎంతమందికి వస్తుంది? ఆ వివరణ నొక్కి వాళ్లూ చదువుకుంటారు.

రేనాటిరాయి (కడప)

సార్, ఇవాళే పాత పోస్టుల కింద వివరణలు జవాబులుగా రాయడం మొదలుపెడతాను. కొత్తవాటికి ఆల్ట్ లేకుండా పెట్టను. కలమళ్లతోనే మొదలుపెడతాను, మీరు విని ఎట్లా ఉందో చెప్పాలి.

కీబోర్డు (అనంతపురం)

ఇంకో ఉపాయం. ఫోటోలో ఒక అక్షరం చుట్టూ గీత గీసి, ఇదేమిటో చెప్పండి అని పోల్ పెట్టండి. నాలుగు జవాబుల దాకా ఇవ్వొచ్చు, ఏడు రోజుల దాకా నడపొచ్చు. ఫోటో, పోల్ ఒకే పోస్టులో కుదరవు కాబట్టి ఫోటో ముందు పెట్టి, దాని కింద పోల్ పెట్టండి. మూడో రోజు జవాబు చెప్పి, ఆ అక్షరం అప్పటి నుంచి ఇప్పటి రూపానికి ఎట్లా మారిందో చూపించండి. పిల్లలు దీనికి పడిపోతారు.

పెన్నేటి గట్టు (జమ్మలమడుగు)

అందరూ జనాన్ని రప్పించే దారులు చెప్తున్నారు. నేను భయం చెప్తా. మేడం, మన సీమలో గుప్తనిధుల పిచ్చి ఎంతుందో మీకు తెలుసు. కొండ మీద ఒంటరి గుడి, పూజారి లేడు, లైటు లేదు. అట్లాంటి చోట నంది ఫోటో పెట్టి ఊరు, మండలం, దారితో సహా రాస్తే చదివేది బెంగళూరు పిల్లలు ఒక్కరే కాదు. నందిని పగలగొట్టి, లింగాన్ని పెకిలించి కింద తవ్వినవి ఎన్ని చూశాం. గండికోట, లేపాక్షి లాంటివి రాయండి, కాపలా ఉంది. దిక్కులేని గుళ్ల విషయంలో ఊరి పేరు కూడా వద్దు, లొకేషన్ అసలే ఆన్ చేయొద్దు.

సీమ పిల్లోడు (ప్రొద్దుటూరు, ప్రస్తుతం బెంగళూరు)

అన్నా, ఊరి పేరు తీసేస్తే ఇంకేముంది? మా ఊరే అని తెలిస్తేనే కదా మాకు పౌరుషం పుట్టేది. పేరు లేని రాయి కోసం ఎవరు ఊరికి పోతారు?

పెన్నేటి గట్టు (జమ్మలమడుగు)

పౌరుషం మంచిదే నాయనా. ఊరి నడుమ, రచ్చకట్ట మీద, బడి ఆవరణలో ఉన్న రాయికి పేరు రాయండి, పదిమంది కళ్లుంటాయి, పేరొస్తే ఊరోళ్లే కాపాడుకుంటారు. నేను చెప్పేది మనిషి తిరగని చోట్ల గురించి. అవి ముందు పురావస్తు శాఖకు, రెవెన్యూ వాళ్లకు కాగితం మీద తెలియజేసి, తర్వాత ఎక్స్‌లో చెప్పండి. ఫోటోలో వెనక కొండ ఆకారం పడినా మా చుట్టుపక్కల వాళ్లు ఏ చోటో పట్టేస్తారు. దగ్గరి నుంచి రాయి వరకే తీయాలి.

రేనాటిరాయి (కడప)

ఈ గీత నాకు సరిగ్గా ఉంది. ఊర్లో ఉన్నదానికి పేరు, ఊరి బయట ఒంటరిగా ఉన్నదానికి పేరు లేదు. ప్రొఫైల్‌లో పిన్ చేసే పోస్టులో ఇదే రాసిపెడతాను, ఫోటోలు పంపేవాళ్లు కూడా పాటించాలి కదా.

బురుజు నీడ (కర్నూలు)

గొడవల గురించి కూడా చెప్పుకోవాలి. మీ ఖాతా కాస్త పెరిగిందంటే రెండు రకాల వాళ్లు వస్తారు. ఏ రాజు ఏ కులం అని ఒకరు, మా భాష పాతది అంటే మా భాష పాతది అని ఇంకొకరు. తొలి తెలుగు శాసనం అనగానే కన్నడం వాళ్లు తమ హల్మిడి శాసనం తెస్తారు. అది దీనికంటే పాతదనే లెక్క, అందులో మనకు అవమానమేమీ లేదు. ఆధారంతో ఒక్కసారి మర్యాదగా జవాబివ్వండి, రెండోసారి వద్దు. వాళ్ల పోస్టును మీరు కోట్ చేసి తిట్టారంటే వాళ్ల మాటను మీ జనం ముందు మీరే నిలబెట్టినట్టు. మ్యూట్ చేస్తే వాళ్లకు తెలియదు, మీకు ప్రశాంతం. 2024 చివరి నుంచి మనం బ్లాక్ చేసినవాళ్లు కూడా మన పోస్టులు చూడగలుగుతున్నారు, జవాబు మాత్రం రాయలేరు. కులాల పేర్లను మ్యూట్ చేసే పదాల్లో చేర్చుకుంటే ఆ నోటిఫికేషన్లు మీ దాకా రావు.

ఒక రాయికి సున్నం కొట్టారనో, కాలువలో వేశారనో తెలిస్తే అధికారులను ట్యాగ్ చేయండి. మా విలేకర్లు కూడా అక్కడే పట్టుకుంటారు. ట్యాగ్‌తో పోస్టు మొదలుపెట్టొద్దు, అది చాలామందికి చేరదు. ముందు విషయం, తేదీ, ముందూ తర్వాతా ఫోటోలు పెట్టి, చివర ట్యాగ్ చేయండి. తిట్లు వద్దు. పని జరిగితే థాంక్స్ కూడా అందరి ముందే చెప్పండి, రెండోసారి మీ ట్యాగ్‌కు త్వరగా పలుకుతారు.

అరుగు మీద (ఆదోని)

లింకుల సంగతి ఎవరూ ఎత్తలేదు. మేడంకు బ్లాగ్ కూడా ఉందనుకుంటా. 2024 నవంబరులో ఎలాన్ మస్కే చెప్పాడు, అసలు పోస్టులో విషయం రాసి లింకు జవాబులో పెట్టండి అని. వట్టి లింకు పడేస్తే ఎవరికీ కనపడదు.

ఇంకోటి, అంతా ఎక్స్ మీదే పెట్టుకోవద్దు. ట్విట్టర్ లాంటిదే అయిన కూ యాప్‌లో తెలుగులో రాసుకుంటూ ఎంతోమంది ఖాతాలు పెంచుకున్నారు. 2024 జులైలో అది మూతపడింది. ఎక్స్‌లో మీ పోస్టులన్నీ డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది, సెట్టింగ్స్‌లో అడిగితే ఫైల్ తయారుచేసి ఇస్తారు. అప్పుడప్పుడు దించి పెట్టుకోండి. శాసనాల ఫోటోలను వికీమీడియా కామన్స్‌లో కూడా ఎక్కిస్తే తెలుగు వికీపీడియాకు పనికొస్తాయి. ఈ ఖాతా ఉన్నా లేకపోయినా అవి ఉంటాయి.

ధర్మవరం ఆడపడుచు (ధర్మవరం)

అక్కా, మాకు పట్టుచీరల మగ్గాలున్నాయి. నేనూ ఎక్స్‌లోనే కొంతమందిని సంపాదించుకున్నాను. నాకు పనికొచ్చింది ఒక్కటే, జవాబులు. నా పోస్టుల కింద వచ్చిన ప్రతి మాటకూ పలుకుతాను. అంతకంటే ఎక్కువసేపు ఇతరుల పోస్టుల కింద గడుపుతాను. ఎవరన్నా పెళ్లి చీర ఫోటో పెట్టి ఇదేం అంచు అని అడిగితే, మా అమ్మను అడిగి మరీ చెప్తాను. అమ్మకం మాట ఎత్తను. అట్లా తెలిసినవాళ్లే తర్వాత మెసేజ్ చేసి అడుగుతారు.

మీరూ అంతే చేయండక్కా. సెలవుల్లో లేపాక్షి ఫోటోలు పెట్టేవాళ్లు ఎంతమందో. చాలామంది వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి వచ్చేస్తారు. వాళ్ల పోస్టు కింద, పైకప్పు మీది బొమ్మల్లో ఆడవాళ్ల చీరల అంచులు చూశారా అని ఒక మాట రాయండి. ఆ అంచులు చూసి మేం ఇప్పటికీ డిజైన్లు నేస్తాం. వాళ్ల పోస్టు కింద చెప్పిన ఆ ఒక్క మాటకు మీ పేరు గుర్తుంటుంది. సీమ మీద రాసేవాళ్లను, చరిత్రవాళ్లను ఒక లిస్టుగా పెట్టుకుంటే వెతుక్కునే పని ఉండదు, పొద్దున ఒకసారి అది చూస్తే చాలు.

రేనాటిరాయి (కడప)

ఇంతమంది ఇంత శ్రద్ధగా చెప్పారు. అందరి మాటలూ కలిపి ఒకటి రాశాను, సంక్రాంతికి వారం ముందు పెడదామని:

"పండక్కి ఊరికి పోతున్నారా? మీ ఊరి గుడి దగ్గరో, రచ్చకట్ట మీదో, చెరువు కట్ట మీదో అక్షరాలున్న రాయి ఉంటే ఒక ఫోటో తీయండి. చదివి ఏముందో చెప్తాను. మీ అవ్వాతాతలు ఆ రాయి గురించి ఏమనేవాళ్లో కూడా అడిగి రాయండి."

దీని కింద ఫోటో తీసే పద్ధతి రాస్తాను. పొద్దున గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీయాలి, అప్పుడు చెక్కిన గీతల్లో నీడ పడి అక్షరం లేస్తుంది. మధ్యాహ్నం తీస్తే బండ తప్ప ఏమీ కనపడదు. సుద్ద రుద్దొద్దు, పిండి చల్లొద్దు, నూనె పూయొద్దు. ముందు రాయి మొత్తం ఒకటి, పక్కన పెన్ను పెట్టి ఒకటి, తర్వాత పై నుంచి కిందికి ముక్కలు ముక్కలుగా, ఒక ఫోటోలోని చివరి పంక్తి తర్వాతి ఫోటోలో మొదట వచ్చేట్టు.

చెవితో చదివేవాడు (కర్నూలు)

అవ్వాతాతలను అడగమన్నది చాలా బాగుంది మేడం. వాళ్ల మాటలను ఆడియోగా రికార్డు చేసి పంపమని కూడా అనండి. అది నేనూ వింటాను.

సీమ పిల్లోడు (ప్రొద్దుటూరు, ప్రస్తుతం బెంగళూరు)

అక్కా, మొదటి ఫోటో నాదే. మా అవ్వ వాళ్ల ఊరు మైలవరం డ్యాం వైపు. ఆంజనేయస్వామి గుడి వెనక ఒక రాయి ఉంది, చిన్నప్పుడు దాని మీద కూచుని గోళీలు ఆడేవాళ్లం. అక్షరాలు ఉన్నట్టే గుర్తు, సగం మట్టిలో ఉంది. చుట్టూ కొంచెం తవ్వి తీయొచ్చా?

రేనాటిరాయి (కడప)

తవ్వొద్దు తమ్ముడూ, చేత్తో కూడా వద్దు. మట్టిలో ఉన్న సగమే చెడిపోకుండా ఉండొచ్చు. పైన ఎండుటాకులు, దుమ్ము ఉంటే మెత్తటి గుడ్డతో తుడిచి, కనపడేంత వరకే తీయి. గుడి వెనక అంటున్నావు కాబట్టి పొద్దున ఎండ ఎటు నుంచి పడుతుందో ముందురోజే చూసుకో. ఫోటోలు ఎక్స్‌లో పెట్టకుండా ముందు నాకు మెసేజ్‌లో పంపు. అక్షరాలు ఏ కాలానివో చూసి, ఊరి పెద్దలతో, పురావస్తు శాఖతో మాట్లాడాక నీ పేరుతోనే పోస్టు పెడదాం.